మెడ మీద కత్తి... మంట లేకుండా!

చెంపల మీద నున్నగా జారిన కత్తి మెడ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మొరాయిస్తుంది? గడ్డం గీసిన గంటకే కాలరు తగిలి మెడ ఎందుకు భగ్గుమంటుంది? తప్పు కత్తిదా, నీళ్లదా, చేతిదా? క్షవరమైతే గానీ వివరం తెలియదన్నారు పెద్దలు. ఈసారి క్షవరానికి ముందే ఆ వివరమేంటో చూద్దాం!

సంక్రాంతి వెళ్లింది. మకరజ్యోతి దర్శనం చేసుకున్న అయ్యప్ప స్వాములు ఊళ్లకు చేరారు. మాల తీశారు. ఇక మిగిలింది గడ్డమే. నలభై ఒక్క రోజులపాటు కత్తెర గానీ కత్తి గానీ సోకకుండా పెరిగిన గడ్డం! మదనపల్లె కావచ్చు, పుంగనూరు కావచ్చు, కుప్పం కావచ్చు... ఆ వారం కటింగ్ షాపుల్లో బల్ల మీద చోటు దొరకడం కష్టం. మంగళవారం ఎటూ సెలవు. అందుకే మిగిలిన రోజుల్లో మరీ రద్దీ.

కుర్చీలోంచి లేచి అద్దంలో చూసుకుంటే ముఖం కొత్తగా, కుర్రగా కనిపిస్తుంది. ఆ ముచ్చట సాయంత్రం దాకానే. చొక్కా కాలరు రాసుకునే చోట సన్నగా మంట మొదలవుతుంది. తెల్లారేసరికి గొంతు కింద ఎర్రటి చుక్కలు. మూడో రోజుకు అవే చిన్న చిన్న పొక్కులు. ఆ వెనకే మాఘమాసం, పెళ్లిళ్ల ముహూర్తాలు. పెళ్లికొడుకు మెడ మీద పూలదండ పడ్డా మంటే, ఫొటోగ్రాఫరు ‘కాస్త తలెత్తండి’ అన్నా ఇబ్బందే!

ఈ బాధ దీక్ష తీసిన వారిది మాత్రమే కాదు. రోజూ గడ్డం గీసుకుని తీరాల్సిన పోలీసులు, సెక్యూరిటీ గార్డులు, హోటల్ ఉద్యోగులు... అందరిదీ. కొందరు భరించలేక గడ్డం పెంచేస్తారు. ఆ వీలు లేనివాళ్లు నిన్నటి పుండు మీదే ఇవాళా గీస్తారు. నిజానికి ఇది తప్పించుకోలేని బాధేమీ కాదు. దీని కిటుకు మన కటింగ్ షాపుల్లోని పాత చేతులకు ఎప్పటినుంచో తెలుసు. డాక్టర్లు చెప్పేదీ చాలావరకు అదే!

మూడు ఊళ్లు... ఒకే బాధ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... మూడింటినీ కలుపుతూ పోయేది 42వ నంబరు జాతీయ రహదారి. మూడూ పీఠభూమి మీది ఊళ్లు. చిత్తూరు, తిరుపతి ఉడికిపోతున్న రోజుల్లోనూ ఇక్కడ సాయంత్రాలు కాస్త చల్లగా ఉంటాయి. చలికాలమైతే చెప్పనక్కర్లేదు. పొడిగాలికి పెదాలు పగులుతాయి, చర్మం పొట్టు లేస్తుంది. అలా ఎండిన చర్మం మీద కత్తి పెడితే వెంట్రుకతోపాటు చర్మం పైపొరా లేచిపోతుంది.

రెండో శత్రువు నీళ్లు. ఈ ప్రాంతంలో బోర్లు ఎంత లోతుకు వెళ్తాయో రైతుకు తెలుసు. అంత లోతునుంచి వచ్చే నీళ్లు చాలాచోట్ల ఉప్పనీళ్లే. బట్టలుతికితే నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి జిగటగా విరిగిపోతాయి. గడ్డానికి పూసిన నురగదీ అదే గతి. పైకి తెల్లగా కనిపిస్తుంది కానీ అందులో జారుడు ఉండదు. చెంప గట్టిగా, చదునుగా ఉంటుంది కాబట్టి సర్దుకుపోతుంది. మెడ సర్దుకోదు.

మూడోది తొందర. కుప్పంలో తెల్లవారకముందే లేచి బెంగళూరు రైలు పట్టుకునేవాళ్లకు గడ్డం గీసుకునే వ్యవధి ఎంత? అయిదు నిమిషాలు! మొహాన నాలుగు నీళ్లు చల్లుకుని, నురగ రుద్దుకుని, పైకీ కిందికీ నాలుగు గీతలు. మిగిలిన పని రైల్లో గోకుకోవడమే.

మెడకే ఎందుకీ తిప్పలు?

చెంప వెనక దవడ ఎముక ఉంది, పళ్లున్నాయి. పట్టు దొరుకుతుంది. మెడ అలా కాదు. చర్మం పలచన, వదులు. మధ్యలో గొంతుముడి ఎత్తు, దాని పక్కన పల్లం. కత్తి అంచేమో తిన్నగా ఉంటుంది. తిన్నటి అంచు ఎత్తుపల్లాల మీద నడిస్తే ఒకచోట ఆనదు, మరోచోట నొక్కుతుంది. నొక్కిన చోటే మంట.

అంతకన్నా పెద్ద చిక్కు వెంట్రుకల వాలు. చెంప మీద వెంట్రుకలన్నీ దాదాపు కిందికే వాలి ఉంటాయి. దవడ దాటాక ఆ క్రమశిక్షణ ఉండదు. కొందరికి గొంతు కింద వెంట్రుకలు పైకి మొలుస్తాయి. కొందరికి చెవి వైపు పడుకుంటాయి. ఇంకొందరికి ఒక పక్కన సుడి తిరిగి ఉంటాయి. కుడివైపు వాలు ఒకటి, ఎడమవైపు వాలు మరొకటి కావడమూ మామూలే. చెంప మీద అలవాటైన చేత్తోనే మెడ మీదా పైనుంచి కిందికి లాగితే, సగం చోట్ల తెలియకుండానే ఎదురు గీసినట్టు!

ఎదురు గీస్తే ఏమవుతుంది? కత్తి అంచు వెంట్రుకను ముందు పైకి లాగి, ఆ తర్వాత కోస్తుంది. కోసిన వెంట్రుక మొన వెనక్కి జారి చర్మం లోపలికి వెళ్తుంది. ఆ మొన కోసుగా, సూదిలా ఉంటుంది. మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పి పక్కనున్న చర్మాన్ని లోపలినుంచే గుచ్చుతుంది. ఉంగరాల వెంట్రుకలైతే బయటికొచ్చి, వంగి, మళ్లీ చర్మంలోకే దిగుతాయి. శరీరం దాన్నొక ముల్లులా భావించి ఎర్రబారుతుంది, పొక్కుతుంది. డాక్టర్లు దీన్నే ‘సూడోఫాలిక్యులైటిస్ బార్బే’ అంటారు. పేరు పొడుగే కానీ సంగతి చిన్నదే... మన వెంట్రుకే మనకు ముల్లు కావడం!

ఇది రెండు మూడు రోజుల తర్వాత కనిపించే పొక్కుల కథ. గీసిన వెంటనే వచ్చే మంట వేరు. అది ఒత్తిడి వల్లో, పొడి చర్మం వల్లో, మొద్దు అంచు వల్లో పైపొర గీసుకుపోవడం. రెండింటికీ మందు మాత్రం ఒకటే... చేతి పని మారడం.

మడత కత్తి నుంచి సగం బ్లేడుకు

నలభై యాభై ఏళ్లు దాటినవారికి చెక్క పెట్టెలోంచి తీసే మడత కత్తి గుర్తుండే ఉంటుంది. నాయీ బ్రాహ్మణుల ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఆస్తి అది. సాన రాయి మీద నూరడం, తోలు పట్టీ మీద అటూ ఇటూ తిప్పడం, పట్టీ దగ్గర లేకపోతే అరచేతి మీదే నాలుగు రుద్దులు రుద్దడం... చూస్తున్న పిల్లలకు ఒళ్లు జలదరించేది. చాలా ఊళ్లలో పొద్దున కత్తి పట్టిన చెయ్యే సాయంత్రం గుళ్లోనో, పెళ్లిలోనో సన్నాయి మీద, డోలు మీద ఆడేది. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ తేలిగ్గా వదలాలో ఆ వేళ్లకు విడిగా నేర్పాలా?

ఈ పనిముట్టుకూ పనికీ ఉన్న పేర్లు కూడా సరదాగా ఉంటాయి. సంస్కృతంలో ‘క్షుర’ అంటే కత్తి. దాని పని క్షౌరం. తెలుగువాడి నోట అది క్షవరమైంది. తమిళంలో సవరం, ఆ కత్తి సవరకత్తి. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించే కుప్పంలో కుర్చీలో కూర్చున్న మనిషి ఏ భాషలో అడిగినా కత్తి పట్టినవాడికి అర్థమవుతుంది!

ప్రపంచమంతటా ఇంట్లో గీసుకునేవాళ్ల చేతిలోంచి మడత కత్తిని తప్పించింది అమెరికాకు చెందిన కింగ్ క్యాంప్ జిలెట్. పారేసే బ్లేడుతో పనిచేసే సేఫ్టీ రేజరుకు ఆయన 1904లో పేటెంటు పొందాడు. మన షాపుల్లో మాత్రం పాత కత్తి చాన్నాళ్లు నిలిచింది. దాన్ని కదిలించింది భయం. 1986లో చెన్నైలో దేశంలోనే తొలిసారి హెచ్ఐవీ కేసులు బయటపడ్డాయి. ఆ తర్వాత ఎయిడ్స్ ప్రచారం పల్లెపల్లెకూ వెళ్లింది. ‘కొత్త బ్లేడు వెయ్యన్నా’ అన్న మాట ప్రతి షాపులోనూ మామూలైపోయింది. కాగితంలో ఉండగానే బ్లేడును రెండుగా విరిచి, సగం ముక్కను కత్తి ఆకారంలో ఉన్న పిడిలో బిగించడం అలా స్థిరపడింది. ఒక మనిషికి ఒక ముక్క. అది మంచి మార్పు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. అందుకే ఒకరి కత్తి మరొకరి మెడ మీద పెట్టడం ఎన్నటికీ క్షేమం కాదు.

అయితే ఒక చిన్న మెలిక. పాత మడత కత్తి బరువైంది. ఆ బరువుతోనే కోసేది, చేయి నొక్కాల్సిన పని ఉండేది కాదు. సగం బ్లేడు పిడి తేలిక. అంచు మరీ పలచన, మరీ పదును. చేయి కొంచెం నొక్కినా చర్మం ఒప్పుకోదు. కత్తి మారినా చేయి మారకపోతే ఆ తేడా ముందుగా తెలిసేది మెడకే.

మెడకో మ్యాపు

ఇటీవల ముచ్చటపడి మడత కత్తినో, సగం బ్లేడు పిడినో కొనుక్కుని ఇంట్లోనే గీసుకుంటున్న కుర్రాళ్లూ ఉన్నారు. వారైనా, షాపుకు వెళ్లేవారైనా ముందు చేయాల్సింది ఒకటే. తమ మెడను తాము తెలుసుకోవడం.

రెండు రోజులు గడ్డం గీయకండి. మంచి వెలుగులో అద్దం ముందు నిలబడి వేలి కొసతో మెడను అన్ని వైపులా నిమరండి. వేలు నున్నగా జారితే అది వాలు. గరగరలాడితే ఎదురు. దవడ కింద, గొంతుముడికి రెండు పక్కలా, కాలరు తగిలే చోట... ఇలా ఒక్కో భాగాన్ని చూసి, కాగితం మీద మెడ బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టుకోండి. పది నిమిషాల పని. ఒకసారి చేస్తే ఏళ్లపాటు పనికొస్తుంది. కత్తి నడవాల్సింది ఆ బాణాల వెంటే.

నీళ్లు, నురగ... సగం పని ఇక్కడే

పొడి వెంట్రుక గట్టిగా ఉంటుంది. నీళ్లు పీల్చుకున్నాక ఉబ్బి మెత్తబడుతుంది. దానికి రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. అందుకే స్నానం తర్వాత గడ్డం గీసుకోవడం మేలు. వీలు కాకపోతే గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలును మెడకు చుట్టుకుని కూర్చోండి. నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు. చర్మం ముందే ఎర్రబడితే కత్తికి పని సులువవదు, మంటకు సులువవుతుంది.

ఉప్పనీళ్ల ఊరైతే గడ్డం వరకు నీళ్లు మార్చండి. కాచి, చల్లార్చి, పైతేట వంచుకున్న నీళ్లలో కాఠిన్యం కొంత తగ్గుతుంది. తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్లయితే ఇంకా నయం. ఒక్క చెంబు చాలు! బ్రష్‌తో చిన్నగా గుండ్రంగా తిప్పుతూ నురగ పట్టించండి. పడుకున్న వెంట్రుకలు లేచి నిలబడతాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి నురగ ఆరిపోతే మళ్లీ పూయండి. ఆరిన నురగ మీద కత్తి నడపడమంటే పొడి నేల మీద నడపడమే.

చేతిలోనే ఉంది

కత్తి వీపు చర్మానికి పూర్తిగా ఆనితే ఏమీ తెగదు. మరీ పైకి లేపితే గీరుతుంది. మధ్యలో సుమారు 30 డిగ్రీల వాలు సరైనది. మెడ మీద అంతకన్నా కాస్త తక్కువైనా ఫర్వాలేదు, ఎక్కువ మాత్రం కాకూడదు.

రెండో చేత్తో చర్మాన్ని మెత్తగా పరచండి. ముడతలు పోతే చాలు. బలంగా లాగిపెట్టి గీస్తే వెంట్రుక మరీ లోపలికి తెగి, వదలగానే చర్మం కిందికి వెళ్లిపోతుంది. పొక్కులకు అదే మొదలు. తల కూడా మరీ వెనక్కి వాల్చొద్దు. అలా వాలిస్తే చర్మం డోలు చర్మంలా బిగుసుకుంటుంది.

గీతలు పొట్టిగా, అంగుళం పొడవున ఉండాలి. రెండు మూడు గీతలకోసారి అంచును కడగాలి. కత్తి ఎప్పుడూ అంచుకు అడ్డంగానే ముందుకు కదలాలి. కూరగాయలు తరిగినట్టు అంచు పొడవునా జారిందంటే... తెగినట్టే! గొంతుముడి దగ్గర ఒక చిన్న ఉపాయం ఉంది. చర్మాన్ని వేళ్లతో ఒక పక్కకు జరిపి, చదునైన చోట గీసి వదిలేయాలి. ఎత్తు మీద గీయాల్సిన అవసరమే రాదు.

ఇక అసలు మాట. మెడ మీద వాలు వెంట ఒక్కసారి గీస్తే చాలు. ఇంకా గరుకుగా అనిపిస్తే మళ్లీ నురగ పూసి, వాలుకు అడ్డంగా ఒకసారి. ఎదురు మాత్రం వద్దు. షాపులో చాలామంది ‘డబుల్ షేవింగ్’ అడుగుతారు. చెంపలకైతే సరే. మెడకు అద్దం నునుపు కావాలంటే ఆ వడ్డీ మర్నాడు కట్టాల్సిందే!

ఇంట్లో కొత్తగా నేర్చుకునేవారు మొదటి కొన్ని వారాలు చెంపలు మాత్రమే కత్తితో గీసి, మెడను మామూలు సేఫ్టీ రేజరుకు వదిలేయడం తెలివైన పని. మెడలో పెద్ద రక్తనాళాలున్నాయి. అక్కడ చెయ్యి వణికితే జరిగేది చిన్న గాటు కాకపోవచ్చు. ఆలస్యమైన రోజున, నిద్రమత్తులో, పిల్లలు కాళ్లకు అడ్డంపడే వేళ కత్తి పట్టొద్దు. పని అయ్యాక పిల్లలకు అందని చోట పెట్టండి.

మడత కత్తి వాడేవారు గీసే ప్రతిసారీ తోలు పట్టీ మీద ఇరవై ముప్ఫైసార్లు తిప్పాలి. వీపు ముందు, అంచు వెనక. ఎదురు తిప్పితే పట్టీ తెగుతుంది, అంచు పోతుంది. పట్టీతో పదును రాకపోతే సాన పట్టించాల్సిందే. అంచు వెంట్రుకను కోయకుండా లాగుతోందనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి. మొద్దు కత్తికి బలం జోడించడమే మంటకు అసలు కారణం.

పటిక చెప్పే లెక్క

గీయడం అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, తువ్వాలుతో అద్దండి. రుద్దొద్దు. తర్వాత తడి మెడ మీద పటిక ఒక్కసారి తిప్పండి. చిన్న గాట్ల నెత్తురు ఆగుతుంది. దానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. పటిక ఎక్కడ చురుక్కుమందో అక్కడ మీ చెయ్యి నొక్కిందన్నమాట! రోజూ చురుక్కుమనే చోటును గుర్తుపెట్టుకుంటే, వారం తిరిగేసరికి చెయ్యి దానంతటదే తేలికవుతుంది. నిమిషం ఆగి కడిగేసి, వాసన లేని మాయిశ్చరైజరు కొద్దిగా రాయండి. ఆల్కహాలు ఉన్న ఆఫ్టర్ షేవ్ ఘుమఘుమలాడుతుంది కానీ పొడి చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. బిగుతు కాలరు, టై కాసేపు ఆగాకే.

షాపుకు వెళ్లేవారికి ఇందులోనే ఒక హెచ్చరిక. అందరికీ ఒకే పటిక ముక్క తిప్పితే కొత్త బ్లేడు వేసిన ఫలితం పోయినట్టే. సొంత ముక్కొకటి జేబులో వేసుకెళ్లండి. కొన్ని రూపాయలతో పోయే పనే. కొత్త బ్లేడును మీ ఎదుటే విరవమనండి. ‘అన్నా, మెడ మీద ఎదురు వద్దు, ఒక్కసారి చాలు’ అని ముందే చెప్పండి. పని తెలిసినవారు నొచ్చుకోరు. పైగా మీ మెడ వాలు గురించి మీకన్నా వాళ్లకే ఎక్కువ తెలిసి ఉంటుంది. అడిగి చూడండి!

పొక్కులు వచ్చేశాయా?

ముందు గీయడం ఆపండి. కొన్నాళ్లు ట్రిమ్మరుతో కాస్త పొడవు ఉంచి కత్తిరించుకోండి. లోపలికి తిరిగిన వెంట్రుకలు పెరిగేకొద్దీ వాటంతటవే బయటపడతాయి. సూదితో తవ్వడం, గోటితో గిల్లడం చేస్తే మచ్చలు మిగులుతాయి. చీము పట్టినా, నొప్పితో వాచినా, గట్టి కణితిలా మారినా, గుండ్రంగా దురద మచ్చలు లేచినా చర్మవైద్యుణ్ని కలవాల్సిందే. మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు చిన్న గాటునూ అశ్రద్ధ చేయకూడదు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ‘ఎరుపు తగ్గే క్రీము’తో జాగ్రత్త. అలాంటి వాటిలో చాలావరకు స్టిరాయిడ్లుంటాయి. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి అసలుకే మోసం వస్తుంది. 2018లో కేంద్రం పలు స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది అందుకే.

మదనపల్లె పేరు చెప్పగానే గుర్తొచ్చే గడ్డం ఒకటుంది. 1919లో దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చి, జనగణమనను ఇక్కడే ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రనాథ్ ఠాగూరుది! ఆయనకు మెడ మంట బాధ లేకపోయింది. గడ్డం గీయక తప్పని మనకు మాత్రం చేతిని తేలిక చేసుకోవడమొక్కటే దారి. పదునైన కత్తి పట్టుకున్న మనిషి ముందు కళ్లు మూసుకుని మెడ ఎత్తి కూర్చుంటాం. అంత నమ్మకం మనం ఇంకెవరి మీద పెడతాం? ఆ నమ్మకాన్ని తరతరాలుగా నిలబెట్టింది కత్తి పదును కాదు, దాన్ని నొక్కకుండా పట్టుకున్న వేళ్లు. ఇంట్లో అద్దం ముందు మీ కత్తి మీరే పట్టుకున్నా... ఆ మర్యాద మీ మెడకు మీరే ఇవ్వాలి!

గుర్తుంచుకోండి

* వారానికి ఒకటి రెండు రోజులు మెడకు సెలవివ్వండి. ఉద్యోగం ఒప్పుకోకపోతే ట్రిమ్మరుతో సరిపెట్టండి.

* దీక్ష గడ్డాన్ని ఒకేసారి కత్తితో తీయించొద్దు. ముందు కత్తెరతోనో, ట్రిమ్మరుతోనో పొట్టిగా చేయించి, బాగా తడిపాకే కత్తి.

* పెళ్లికొడుకులు ముహూర్తం రోజున కొత్త బ్లేడు వేయించుకోవచ్చు కానీ కొత్త క్రీము, కొత్త లోషను ప్రయోగాలు చేయొద్దు. అవేవో రెండు వారాల ముందే చూసుకోండి.

* ఇంట్లో తండ్రీకొడుకులైనా సరే... ఒకరి కత్తి, బ్లేడు, పటిక ఇంకొకరు వాడొద్దు.

* వాడిన బ్లేడును చెత్తబుట్టలో ఊరికే పడేయొద్దు. పాత రేకు డబ్బాలో వేసి మూతపెట్టండి. చెత్త ఎత్తేవారి చేతులూ చేతులే కదా!